విదేశీ బోట్ల దొంగవేట: జరిమానాతో ఆగుతుందా, ఆంక్షలే దారా?

కృష్ణలంక_శ్రీను | డిసెంబరు 3, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను బెజవాడలో బ్యాంకు ఉద్యోగిని. మా అత్తగారిది నిజాంపట్నం. వాయుగుండం పట్టి బోట్లన్నీ రేవుకొచ్చేయడంతో మా బావమరిది రెండు రోజులు ఉండి పోదామని మా ఇంటికొచ్చాడు. వాడు బోటు నడిపే సరంగు, పదిహేనేళ్లుగా వేటకు పోతున్నాడు. అన్నం తింటూ ఒక మాట చెప్పాడు. అప్పట్నుంచీ అదే మనసులో తిరుగుతోంది.

ఒడ్డు కనపడనంత లోపలికి వెళ్లినప్పుడు కొన్ని రాత్రులు దూరాన ఒక ఊరు వెలిగినట్టు లైట్లు కనిపిస్తాయట. వైర్‌లెస్‌లో పిలిస్తే పలకరట. తెల్లారేసరికి అక్కడేమీ ఉండదు. ఆ పక్కన వల వేస్తే ఆ ట్రిప్పులో డీజిల్, ఐసు ఖర్చులు కూడా రాలేదన్నాడు. "కోస్ట్‌గార్డ్‌కి చెప్పలేదా?" అని అడిగాను. "చెప్పి ఏం చేస్తాం బావా, పట్టుకున్నా జరిమానా కట్టి పోతారు. మళ్లీ వస్తారు" అని చెయ్యి కడుక్కుని లేచాడు.

ఆ లైట్లు ఎవరివో నాకు తెలీదు. సరకు ఓడలే కావచ్చు, తమిళనాడులోని కడలూరు వైపు బోట్లే కావచ్చు. అది పక్కన పెడదాం. నిజంగానే ఒక విదేశీ ఓడ మన నీళ్లలో వల వేస్తూ దొరికితే మన చట్టం దాన్ని ఏం చేయగలదు? అమెరికా, యూరప్ వాళ్లు ఇలాంటి కంపెనీల మీద ఆంక్షలు పెడుతున్నారు కదా, వాటితో పని అవుతోందా? తెలిసినవాళ్లు చెప్పండి. వాడికి నేను జవాబు చెప్పాలి.

సరంగు_కొడుకు | డిసెంబరు 3, రాత్రి 9:40

శ్రీను అన్నా, మాది అడవులదీవి. ఇప్పుడు ఆటోనగర్‌లో ఇంజిన్ పని చేస్తున్నా గానీ పుట్టిందీ పెరిగిందీ బోటు మీదే. మీ బావమరిది చెప్పిన మాటే మా నాన్న నోట కూడా విన్నాను.

నన్నడిగితే ఇండోనేషియా చేసిందే మందు. అక్కడ సుసి పుజియస్తుతి అనే ఆవిడ 2014 నుంచి 2019 దాకా మత్స్యశాఖ మంత్రి. ఆవిడ కూడా చేపల వ్యాపారం నుంచి వచ్చిన మనిషే. దొంగవేటలో దొరికిన బోట్లలోంచి మనుషుల్ని దించేసి, బోటుకి బాంబు పెట్టి ముంచేయడమే. ఐదేళ్లలో 500 పైచిలుకు ముంచారు. వియత్నాం, ఫిలిప్పీన్స్, మలేషియా, ఏ దేశం బోటని చూళ్లేదు. ఆ దెబ్బకి విదేశీ బోట్లు తగ్గిపోయాయి. ఇది నేను చెప్పేది కాదు, ఉపగ్రహం లెక్కలు చూసినవాళ్లు రాసిందే.

ఒక బోటు కట్టాలంటే ఎంత అప్పు చేయాలో మాకు తెలుసు. ఆ బోటు కళ్లముందే మునిగిపోతే ఆ బాధ యజమానికి జన్మలో పోదు. కాగితం మీద రాసే జరిమానా ఎవణ్నీ బాధపెట్టదు.

నంబూరు_లా | డిసెంబరు 3, రాత్రి 10:55

నమస్తే అండీ. నేను నాగార్జున యూనివర్సిటీ దగ్గర హాస్టల్లో ఉండి లా చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో సముద్ర చట్టం మీదే ప్రాజెక్టు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మన చట్టం 1981 నాటిది. విదేశీ ఓడల చేపల వేటను నియంత్రించడానికే పెట్టారు. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు మన ప్రాదేశిక జలాలు. అక్కడ అనుమతి లేకుండా వేటాడితే ఓడ యజమానికో మాస్టర్‌కో (కెప్టెన్‌కో) మూడేళ్ల వరకు జైలు, లేదా 15 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అది దాటి 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే ఒడ్డు నుంచి దాదాపు 370 కిలోమీటర్ల దాకా, ప్రత్యేక ఆర్థిక మండలి (ఈఈజెడ్). ఫ్యాక్టరీల సెజ్ కాదు, చేపల మీద హక్కు మనదే అయిన సముద్రం. అక్కడైతే జైలు లేదు. 10 లక్షల వరకు జరిమానా మాత్రమే. నేరం రుజువైతే ఓడను, వలను, పట్టిన చేపను జప్తు చేసే అధికారం ఉంది. పట్టుకునే పని కోస్ట్‌గార్డ్‌ది.

జైలు ఎందుకు లేదంటే, ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణం దాన్ని ఒప్పుకోదు. రెండు దేశాలు విడిగా ఒప్పందం చేసుకుంటే తప్ప, ఆర్థిక మండలిలో వేట నేరానికి ఖైదు వేయకూడదు. సరైన బాండు, అంటే పూచీ సొమ్ము, కడితే ఓడనీ మనుషుల్నీ త్వరగా వదిలేయాలి. మనం 1995లో ఆ ఒప్పందాన్ని ఆమోదించాం. కాబట్టి ఆ లోతు నీళ్లలో మన చేతిలో ఉన్న కర్ర డబ్బొక్కటే.

ఆ కర్ర ఎంత సన్నబడిందో చూడండి. 1981లో డాలరు తొమ్మిది రూపాయల లోపే. అప్పుడు 10 లక్షలంటే లక్ష డాలర్ల పైమాట. ఇప్పుడు అవే 10 లక్షలు పదకొండు వేల డాలర్ల దగ్గర ఉన్నాయి. నలభై ఏళ్లు దాటినా అంకె మారలేదు. పెద్ద ట్యూనా ఓడకి ఇది ఖర్చుల ఖాతాలో ఒక పద్దు, అంతే. శ్రీను గారి బావమరిది మాట చట్టం చదవకుండానే చట్టాన్ని సరిగ్గా చెప్పింది.

సరంగు_కొడుకు అన్నా, ముంచడం గురించి ఒక్క మాట. ఇండోనేషియాలో అందుకు 2009లో ప్రత్యేకంగా చట్టం రాసుకున్నారు. మనకి అలాంటిది లేదు. పైగా ఆ మంత్రి దిగిపోగానే అక్కడ ఆ ఊపు తగ్గింది. ఒక మనిషి పట్టుదల మీద నిలిచిన పని ఆ మనిషితోనే పోతుందేమోనని నా భయం.

పటమట_పద్మ | డిసెంబరు 4, ఉదయం 7:05

నాకు చట్టాలు తెలియవు గానీ ఆదివారం మార్కెట్లో వంజరం కొనేదాన్ని నేనే. ఒక చిన్న అనుమానం. దొంగతనంగా పట్టిన చేప చివరికి ఎవరో ఒకరు కొంటేనే కదా వాళ్లకి డబ్బు? కొనేవాళ్ల దగ్గర ఆపలేమా?

ఎగుమతి_గుమాస్తా | డిసెంబరు 4, మధ్యాహ్నం 1:30

పద్మ గారూ, అసలు విషయం పట్టుకున్నారు. నేను గుంటూరులో ఒక సముద్ర ఉత్పత్తుల ఎగుమతి కంపెనీలో కాగితాల పని చూస్తాను. పదకొండేళ్లయింది.

యూరప్‌కి సముద్రం చేప పంపాలంటే క్యాచ్ సర్టిఫికెట్ కావాలి. ఏ బోటు, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, ఏ వల, ఏ తేదీల్లో, ఏ సముద్ర ప్రాంతంలో పట్టారు, బరువెంత, అన్నీ రాయాలి. మన బంగాళాఖాతం ప్రపంచ లెక్కల్లో 57వ ప్రాంతం. ఆ సర్టిఫికెట్‌ని ఎంపెడా, అంటే కేంద్రం వాళ్ల సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ, తనిఖీ చేసి ధ్రువీకరించాలి. ఒక కంటైనర్‌లో ఇరవై ముప్పై బోట్ల చేప ఉంటుంది. ఒక్క బోటు నంబరులో ఒక్క అంకె తప్పుపడితే సరకు అవతలి రేవులో ఆగిపోతుంది. ఒకసారి ఒక సరంగు గారు నంబరు నోటితో చెప్తే రాసుకున్నాను. ఆరుకి బదులు తొమ్మిది పడింది. కంటైనర్ అక్కడ ఐస్‌గడ్డలా కూర్చుంది, ఇక్కడ నేను మూడు రాత్రులు ఆఫీసులో కూర్చున్నాను. ఆ రోజు నుంచి బోటు కాగితం ఫోటో చూడనిదే నంబరు రాయను.

ఇదంతా యూరప్ 2010 జనవరి 1 నుంచి అమలు చేస్తున్న నిబంధన. కాగితం లేని చేప లోపలికి రాదు. దీని మీద ఇంకో మెట్టుంది. ఏ దేశమైనా తన బోట్ల దొంగవేటను అదుపు చేయకపోతే ముందు పసుపు కార్డు, అంటే హెచ్చరిక. మారకపోతే ఎర్ర కార్డు. అప్పుడు ఆ దేశపు బోట్లు పట్టిన చేపలకి యూరప్ మొత్తం తలుపు మూసేస్తుంది.

మన పక్కనున్న శ్రీలంకనే చూడండి. 2014 అక్టోబరులో నిర్ణయం వచ్చింది, 2015 జనవరి నుంచి నిషేధం అమలైంది. శ్రీలంక ట్యూనాకి యూరప్ పెద్ద మార్కెట్. ఏడాదిన్నరలోపు పెద్ద బోట్లకి ఉపగ్రహ ట్రాకర్లు బిగించారు, చట్టం మార్చారు, జరిమానాలు పెంచారు. 2016లో నిషేధం తీసేశారు. థాయ్‌లాండ్‌కి 2015 ఏప్రిల్‌లో పసుపు కార్డు పడింది. అదే ఏడాది కొత్త మత్స్య చట్టం తెచ్చి, పెద్ద బోట్లని రేవులోంచి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ తనిఖీ చేయడం మొదలుపెట్టారు. ఆ కార్డు పోవడానికి 2019 జనవరి దాకా పట్టింది. వియత్నాంకి 2017లో పడిన పసుపు కార్డుని పోగొట్టుకోవడానికి ఇప్పటికీ తంటాలు పడుతున్నారు.

నేవీ ఓడలు తరిమితే పోని దొంగవేట, కొనేవాడు తలుపు మూస్తే దారికొచ్చింది. పదకొండేళ్లుగా ఈ కాగితాల మధ్య ఉండి నేను తెలుసుకున్నది ఇదే.

సరంగు_కొడుకు | డిసెంబరు 4, మధ్యాహ్నం 2:15

అన్నా, మీ కష్టం అర్థమైంది. కానీ ఆ కార్డులు చిన్న దేశాలకే పడుతున్నాయేం? శ్రీలంక, కంబోడియా, గినియా, కామెరూన్. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద దూరపు వేట బోట్ల దండు చైనాది. దానికి ఒక్క కార్డైనా పడిందా? బలిసినవాణ్ని వదిలేసి బక్కవాణ్ని కొడితే అది న్యాయమెలా అవుతుంది?

ఎగుమతి_గుమాస్తా | డిసెంబరు 4, మధ్యాహ్నం 2:22

పడలేదు తమ్ముడూ. ఈ మాట దగ్గర నేను నిన్ను కాదనలేను.

కృష్ణలంక_శ్రీను | డిసెంబరు 4, రాత్రి 8:50

చైనా మాట వచ్చింది కాబట్టి అమెరికా చేసింది చెప్తాను. ఇది మా బ్యాంకింగ్ వైపు విషయం.

2022 డిసెంబరు 9న అమెరికా ఆర్థిక శాఖ చైనాకి చెందిన రెండు పెద్ద వేట కంపెనీలను ఆంక్షల జాబితాలో పెట్టింది. ఒకటి డాలియన్ ఓషన్ ఫిషింగ్, రెండోది పింగ్‌టాన్ మెరైన్. వాటి అధిపతులనీ, అనుబంధ సంస్థలనీ, 157 ఓడలనీ పేరుపేరునా రాసింది. ఈ పింగ్‌టాన్ ఏదో మారుమూల కంపెనీ కాదు, అప్పటికి అమెరికాలోనే నాస్‌డాక్ షేర్ మార్కెట్లో నమోదై ఉన్న కంపెనీ. ఇక దీనికి వాడిన చట్టం చేపల చట్టం కాదు. మానవ హక్కుల ఉల్లంఘన, అవినీతి మీద వాడే గ్లోబల్ మాగ్నిట్స్కీ చట్టం.

అలా ఎందుకంటే, డాలియన్ కంపెనీ ఓడల్లో ఇండోనేషియా కుర్రాళ్లని నెలల తరబడి ఒడ్డు చూపించకుండా పని చేయించారు. 2019 చివర్లో, 2020 మొదట్లో లాంగ్ షింగ్ 629 అనే ఓడలో కొందరు జబ్బుపడి చనిపోయారు. కొందరి శవాలను ఇంటికి పంపకుండా నీళ్లలోకి వదిలేశారు. ఆ వీడియో బయటికొచ్చాకే ప్రపంచానికి తెలిసింది.

ఈ జాబితా ఎలా పనిచేస్తుందో చెప్తాను. నేను రెండేళ్లు బ్యాంకులో విదేశీ వ్యాపారం చూసే శాఖలో చేశాను. ఒక ఎల్‌సీ, అంటే సరకు డబ్బుకి బ్యాంకు హామీ పత్రం, వస్తే అమ్మేవాడి పేరు, కొనేవాడి పేరే కాదు, సరకు మోసే ఓడ పేరు కూడా కంప్యూటర్లో జాబితాతో సరిచూడాలి. పేరు కలిస్తే తెర మీద ఎర్ర గీత వస్తుంది. ఆ గీత వచ్చిందంటే పై ఆఫీసు అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోరు. డాలర్లలో జరిగే చెల్లింపు ఎక్కడో ఒకచోట అమెరికా బ్యాంకు గుండా పోవాల్సిందే. అందుకని బెజవాడలో కూర్చున్న గుమాస్తా కూడా ఆ జాబితాకి భయపడతాడు. బీమా కంపెనీ భయపడుతుంది, డీజిల్ పోసే రేవు భయపడుతుంది. ఓడ నీళ్ల మీద ఉన్నా దాని చుట్టూ లోకం మూసుకుపోతుంది. పది లక్షల జరిమానా ఈ పని చేయగలదా?

బావమరిదికి ఇదే చెప్పాను. "మరి మనకి అలాంటి జాబితా ఉందా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

దివిసీమ_మాస్టారు | డిసెంబరు 5, ఉదయం 6:20

పిల్లలూ, అంతా చదివాను. నేను రిటైరైన టీచర్ని. ఉప్పెన రోజుల నుంచీ ఈ తీరాన్ని చూస్తున్నవాణ్ని. మీ కోపంలో నాకూ వాటా ఉంది. అయితే ఒక సంగతి మరిచిపోకండి.

2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు గుజరాత్‌లో కూలి వేటకు పోయి, సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్లకి చిక్కారు. మొత్తం 22 మంది. 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మంది ఇవతలికి నడిచి వచ్చారు. మిగిలిన ఇద్దరూ ఆ తర్వాత వచ్చారు. ఏడాదికి పైగా వాళ్ల ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో ఆలోచించండి. బోటు వాళ్లది కాదు. ఎక్కడ వల వేయాలన్నది వాళ్ల నిర్ణయం కాదు. చెరసాల మాత్రం వాళ్లదైంది. బోటు యజమాని గుజరాత్‌లో ఇంట్లోనే ఉన్నాడు.

తమిళనాడు వాళ్ల సంగతీ అంతే. రామేశ్వరం బోట్లు పాక్ జలసంధి దాటి వేటాడుతున్నాయని శ్రీలంక 2017లో సముద్రం అడుగున వల ఈడ్చే వేటను నిషేధించింది, 2018లో విదేశీ బోట్లకి జరిమానాలు విపరీతంగా పెంచింది. అవతలి ఒడ్డున ఉన్న జాఫ్నా జాలరి కూడా తమిళుడే, యుద్ధంలో సర్వం పోగొట్టుకుని మళ్లీ వల పట్టినవాడే. ఆయన దృష్టిలో విదేశీ దొంగ బోటు అంటే మనదే. ఆ జాలరి బాధ అబద్ధమని నేను అనలేను.

కాబట్టి శిక్ష ఎంత పెద్దదన్న ప్రశ్నకన్నా ముందు అది ఎవడి మీద పడుతుందన్న ప్రశ్న అడగండి. బోటులో దొరికేది ఎప్పుడూ కూలికి పనిచేసే కళాసే. ఆంక్షలు గట్టిగా ఉండాల్సిందే, అయితే అవి కళాసి వీపు మీద కాదు, యజమాని గల్లాపెట్టె మీద పడాలి. పట్టుబడ్డ కుర్రాళ్లని, వాళ్లు ఏ దేశంవాళ్లైనా సరే, కడుపునిండా తిండి పెట్టి, ఇంటికి ఫోన్ చేయించి, వీలైనంత త్వరగా పంపేయాలి. ఆ లాంగ్ షింగ్ కుర్రాళ్ల లాంటివాళ్లు మన కోస్ట్‌గార్డ్‌కి దొరికితే, వాళ్లకి మనం చెర కాదు, విడుదల కావాలి.

నంబూరు_లా | డిసెంబరు 5, ఉదయం 9:10

మాస్టారూ, మీ మాట చదివాక నా ప్రాజెక్టులో ఒక అధ్యాయం పేరే మార్చుకుంటున్నాను.

యజమానిని పట్టుకోవడమే ఇందులో కష్టం. థండర్ అనే ఓడ కథ చెప్తాను. అంటార్కిటికా పక్కన టూత్‌ఫిష్ అనే ఖరీదైన చేపను ఏళ్లతరబడి దొంగతనంగా పట్టింది. పేర్లు మార్చింది, జెండాలు, అంటే రిజిస్ట్రేషన్ దేశాలు, మార్చింది. ఇంటర్‌పోల్ నోటీసు కూడా ఉంది. 2014 డిసెంబరులో సీ షెపర్డ్ అనే స్వచ్ఛంద సంస్థ ఓడలు దాన్ని చూసి 110 రోజులు వదలకుండా వెంటాడాయి. అది వదిలేసి పారిపోయిన వలని ఒక ఓడ పైకి లాగితే దాదాపు 72 కిలోమీటర్లు వచ్చింది. అంటే మన గుంటూరు నుంచి బాపట్ల దాటి సముద్రంలోకి పరిచేంత! చివరికి 2015 ఏప్రిల్ 6న ఆఫ్రికా పక్కన సావో టోమే దగ్గర ఆ ఓడ మునిగిపోయింది. సాక్ష్యం దొరక్కుండా వాళ్లే ముంచుకున్నారని వెంటాడినవాళ్లు చెప్పారు. కెప్టెన్‌కీ ఇద్దరు ఇంజినీర్లకీ జైలు, కోటిన్నర యూరోల జరిమానా పడ్డాయి. అసలు యజమాని మాత్రం ఆ కోర్టు గుమ్మం తొక్కలేదు.

దీనికి స్పెయిన్ ఒక దారి చూపింది. తమ పౌరులు ఏ జెండా కింద, ఏ సముద్రంలో దొంగవేటకి డబ్బు పెట్టినా శిక్షించేలా చట్టం మార్చుకుంది. అలాంటి టూత్‌ఫిష్ ఓడల వెనకున్న గలీసియా వ్యాపారుల మీద కోటీ 70 లక్షల యూరోలు దాటి జరిమానా వేసింది. ఓడ వెనకున్న మనిషి ఏ దేశంవాడో ఆ దేశమే పట్టుకోవాలన్నమాట.

ఎగుమతి_గుమాస్తా | డిసెంబరు 5, మధ్యాహ్నం 12:45

అందరూ ఒప్పుకుంటారో లేదో గానీ నేను ఒకటి చెప్పి తీరాలి. ఆంక్ష అనే కత్తి మన మెడ మీద కూడా ఉంది. చాలామందికి తెలియదు.

సముద్రంలో పట్టిన మన రొయ్యని అమెరికా 2019 నుంచి కొనడం లేదు. చెరువు రొయ్య పోతుంది, సముద్రం రొయ్య పోదు. బోటు వెనక ఈడ్చే మన ట్రాలు వలల్లో తాబేలు తప్పించుకునే చట్రం, టెడ్ అంటారు, లేదని. ఈ తాబేలు నిబంధన మీద చాలా ఏళ్ల కిందటే మనం, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేశాం. 1998లో తీర్పొచ్చింది. అమెరికా అమలు చేసిన పద్ధతి వివక్షతో ఉందన్నారు కానీ, తాబేళ్లని కాపాడటానికి అలాంటి నిబంధన పెట్టుకోవడమే తప్పని అనలేదు. తర్వాత ఆ నిబంధన మళ్లీ మన దగ్గరికే వచ్చింది.

నాకూ మొదట్లో కోపమే. ఒక పెద్ద దేశం తన చట్టం మన వల మీద రుద్దడమేంటని. కానీ రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో పిల్లల్ని సూర్యలంక తీసుకెళ్లాను. నీళ్ల అంచున చచ్చి పడున్న ఆలివ్ రిడ్లే తాబేలు ఒకటి. కొంచెం దూరంలో ఇంకోటి. కళ్లు ఉబ్బి, మెడ వాచి, డిప్ప మీద ఇసుక అంటుకుని. మా చిన్నమ్మాయి దాని పక్కన కూర్చుని "నాన్నా, ఇది ఈత రాక చచ్చిపోయిందా?" అని అడిగింది. తాబేలు ఊపిరి పీల్చుకోడానికి పైకి రావాలి, వలలో ఇరుక్కుంటే రాలేదు అని చెప్పాను. అది మాట్లాడకుండా చేత్తో ఇసుక దులిపింది.

కాబట్టి విదేశీ బోట్ల మీద ఆంక్షలు పెట్టమని అడిగే ముందు మన వలలు కూడా చూసుకోవాలి. మన కాగితాలు శుభ్రంగా ఉంటేనే అవతలివాడి కాగితం అడిగే నోరు మనకుంటుంది.

సరంగు_కొడుకు | డిసెంబరు 5, మధ్యాహ్నం 1:30

అన్నా, మీ పాప మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నాన్న కూడా తాబేలు వలలో పడితే దణ్నం పెట్టి వదిలేవాడు. కూర్మావతారం అంటారు మావాళ్లు. చచ్చి వస్తే ఆ రోజు భోజనం చేసేవాడు కాదు.

కానీ మా వాళ్ల వైపు నుంచి కూడా చెప్పాలి. ఆ చట్రం పెడితే రొయ్య కొంత జారిపోతుందని భయం. ఒక ట్రిప్పుకి డీజిల్, ఐసు, కళాసీల బత్తా అన్నీ అప్పు. ఆ అప్పు ఇచ్చినవాడికే సరకు పోయాలి, వాడు చెప్పిన రేటుకే. ఇలాంటోడి వలలో ఒక్క కిలో జారినా ఆ రోజు కూలి పోయినట్టే. టెడ్ పెట్టమంటే పెడతారు, అయితే ఆ ఖర్చు, ఆ నష్టం కొంతకాలం ప్రభుత్వం మోయాలి. నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట మానేస్తే సాయం ఇస్తున్నారు కదా, అలాగే.

ముంచేయాలన్న నా మాట మీద మాత్రం కొంచెం తగ్గాను, మాస్టారు చెప్పాక. బోటు ముంచితే ఓకే. మనుషుల్ని మాత్రం ముందు ఇంటికి పంపాలి.

పటమట_పద్మ | డిసెంబరు 5, సాయంత్రం 6:00

మరి మన ప్రభుత్వం ఏం చేయాలంటారు? ఒక్క మాటలో చెప్పండమ్మా.

నంబూరు_లా | డిసెంబరు 5, రాత్రి 11:20

ఒక్క మాటలో కుదరదు అక్కా, క్షమించండి.

ముందు రేవులు. దొంగ ఓడ సముద్రంలో ఎంతకాలమైనా ఉండగలదు, కానీ చేప దించడానికో, డీజిల్‌కో ఏదో ఒక రేవు ఎక్కాల్సిందే. రేవులో ఆపే అంతర్జాతీయ ఒప్పందం 2009లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏవో ఆధ్వర్యంలో కుదిరింది, 2016 జూన్ 5 నుంచి అమల్లో ఉంది. అనుమానం ఉన్న విదేశీ ఓడకి రేవులోకి రానివ్వకపోవడం, వస్తే తనిఖీ చేయడం, ఆ వివరం మిగతా దేశాలకి పంపడం ఇందులో ఉన్నాయి. శ్రీలంక, మాల్దీవులు, బంగ్లాదేశ్, థాయ్‌లాండ్, ఇండోనేషియా చేరాయి. మనం చేరలేదు. బంగాళాఖాతం చుట్టూ ఇంతమంది తలుపుకి గడియ పెట్టుకుంటుంటే మన వాకిలి తెరిచి ఉండటం నాకు నచ్చడం లేదు.

రెండోది 1981 చట్టంలో జరిమానా. లక్షల్లో ఒక అంకె రాసి వదిలేయకుండా ఓడ పొడవు, దాని విలువ, అందులో దొరికిన చేప విలువ బట్టి లెక్క కట్టాలి. శ్రీలంక 2018లో పొడవు బట్టే పెట్టింది. బాండు కూడా పెద్దదిగా అడగాలి, కానీ ఇక్కడ హద్దుంది. 2002లో ఆస్ట్రేలియా వోల్గా అనే రష్యా జెండా ఓడని పట్టుకుని, బాండుతో పాటు ట్రాకర్ పెట్టాలనీ, మంచి నడవడికకి హామీగా ఇంకో సొమ్ము కట్టాలనీ షరతులు పెట్టింది. హాంబర్గ్‌లోని సముద్ర చట్ట ట్రిబ్యునల్ ఆ షరతులు కొట్టేసి 19 లక్షల 20 వేల ఆస్ట్రేలియా డాలర్ల బాండు చాలంది. అది కూడా మన 10 లక్షల రూపాయల పక్కన పెట్టి చూడండి!

మంచి మార్పులూ ఉన్నాయి. విదేశీ ఓడల్ని మన జెండా మీద నడిపించుకునే పాత లైసెన్సు పద్ధతిని కేంద్రం 2017లో ఎత్తేసింది. 2025 నవంబరు 4న ఆర్థిక మండలిలో వేటకి కొత్త నిబంధనలు వచ్చాయి. మన యంత్రపు బోట్లు ఆన్‌లైన్లో యాక్సెస్ పాస్ తీసుకోవాలి, సంప్రదాయ జాలర్లకి మినహాయింపు ఉంది. ఎల్‌ఈడీ లైట్ల వేట, జంట ట్రాలు వేట నిషేధం. ఎవరు మనవాళ్లో కాగితం మీద తేలితే, ఎవరు కాదో తేల్చడం తేలిక.

శ్రీను గారూ, మీ బావమరిది అడిగిన జాబితా మనకి సొంతంగా ఉండాలన్నది నా కోరిక. దొంగవేట ఓడల జాబితా, వాటి యజమానుల జాబితా. అందులో పేరుంటే మన రేవు లేదు, మన బ్యాంకు లేదు, మన మార్కెట్టు లేదు. హిందూ మహాసముద్రపు ట్యూనా కమిషన్‌లో మనం సభ్యులమే, ఆ కమిషన్‌కి దొంగ ఓడల జాబితా ఉంది. మొదలెట్టడానికి అది చాలు.

వేదిక_నిర్వాహకుడు | డిసెంబరు 6, ఉదయం 8:00

చర్చ పద్ధతిగా సాగుతోంది, ధన్యవాదాలు. కడలూరు బోట్ల తగాదా వేరే అంశం. దాని మీద వచ్చిన రెండు వ్యాఖ్యలను ఆ చర్చకి మార్చాను.

కృష్ణలంక_శ్రీను | డిసెంబరు 6, రాత్రి 9:30

బావమరిది ఈ రోజు ఊరెళ్లిపోయాడు. హెచ్చరిక ఎత్తేశారు, రేపు రాత్రికి బోటు తీస్తారట. బస్సెక్కే ముందు ఇవన్నీ చదివి వినిపించాను. మాస్టారు గారి మాట దగ్గర ఆగమని మళ్లీ చదివించుకున్నాడు. చివరికి "సరే బావా, ఈసారి ఆ లైట్లు కనిపిస్తే నేనేం చేయాలో చెప్పమను" అన్నాడు. చెప్పగలరా ఎవరైనా?

ఎగుమతి_గుమాస్తా | డిసెంబరు 6, రాత్రి 9:52

దగ్గరికి మాత్రం పోవద్దని చెప్పండి. అది మొదటి మాట. మన బోటు కన్నా వాళ్లది పదింతలు పెద్దది కావచ్చు.

జీపీఎస్‌లో ఉన్న చోటు, టైము రాసుకోవాలి. అది ఏ దిక్కుకి పోతోందో కూడా. తెల్లారాక కనిపిస్తే ఫోన్‌తో ఫోటో తీయాలి. వెనకవైపు ఓడ పేరు, దాని కింద ఊరు పేరు ఉంటాయి. కానీ పేరుని నమ్మొద్దు, పెయింటు డబ్బా ఉంటే పేరు మారిపోతుంది. పెద్ద ఓడలకి సాధారణంగా ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) అని రాసి ఏడంకెల నంబరు ఉంటుంది, అది ముఖ్యం. ఓడ పుట్టినప్పుడు ఇచ్చిన నంబరు, ఎన్ని పేర్లు మార్చినా, ఎన్ని జెండాలు మార్చినా అదే.  ఆంక్షల జాబితాల్లో ఆ నంబరు కూడా ఉంటుంది.

సిగ్నల్ అందితే కోస్ట్‌గార్డ్ నంబరు 1554. అందకపోతే వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్‌లో 16వ చానెల్.

సరంగు_కొడుకు | డిసెంబరు 6, రాత్రి 10:10

అంకెలు ఒకటికి రెండుసార్లు చూసుకోమను అన్నా. ఆరు, తొమ్మిది.

కృష్ణలంక_శ్రీను | డిసెంబరు 7, సాయంత్రం 5:45

వాడు ఇప్పుడే ఫోటో పంపాడు. వీల్‌హౌస్‌లో స్టీరింగ్ పైన, అమ్మవారి పటం పక్కన, తెల్ల పెయింటుతో 1554 అని రాయించాడు. దాని కింద "చోటు, టైము, ఏడంకెలు" అని కూడా రాసి ఉంది. ఐసు ఎక్కించడం అయిపోయిందట, పోటు కోసం చూస్తున్నారు.